కార్డు వెనక రెండు వాక్యాలు

కాలిఫోర్నియాలోని సాలినాస్. నాన్న పోయి ఎనిమిది రోజులు. మెక్సికో కుటుంబాల్లో మనిషి పోయాక తొమ్మిది రాత్రులు జపమాల చెబుతారు. రేపు ఆఖరి రాత్రి. వచ్చినవాళ్లకు పంచే ప్రార్థన కార్డు వెనక ఏం వేయించాలన్నది ఇంకా తేలలేదు. (ఈ అక్కాతమ్ముళ్లు నా కల్పన. వాళ్లు తవ్వుకుంటున్న చరిత్ర మాత్రం జరిగిందే.)

తమ్ముడు: "కష్టజీవి. భార్యాబిడ్డలే లోకంగా బతికాడు." చాలు కదక్కా. పొద్దున్నే ప్రింటింగ్‌కి ఇవ్వాలి.

అక్క: ఆ మొదటి మాట తీసెయ్.

తమ్ముడు: ఏం, నాన్న కష్టజీవి కాదా?

అక్క: అలా మెచ్చుకున్నది ఎవర్రా? మేస్త్రీలు. వాళ్ల లెక్కలో కష్టజీవి అంటే నోరెత్తనివాడు. 1957లో పద్దెనిమిదేళ్ల కుర్రాడు మెక్సికోలోని మిచోవకాన్ నుంచి బ్రసేరోగా, అంటే కాంట్రాక్టు మీద పొలం కూలీగా, వచ్చాడు. అరచేతులు కాయలు కాశాయో లేదో చూసి ఎంచుకున్నారు. బట్టలిప్పించి డీడీటీ పొడి కొట్టారు. అది వదిలేసి మెచ్చుకోలు ఒక్కటే రాస్తావా?

తమ్ముడు: ఎవరూ కట్టి తేలేదు కదా. అమెరికా, మెక్సికో ప్రభుత్వాలు రాసుకున్న ఒప్పందం అది. 1942 నుంచి 1964 దాకా నడిచింది, 46 లక్షల కాంట్రాక్టులు. ఊళ్లో మొక్కజొన్న వానను నమ్ముకున్న పంట. ఇక్కడి కూలితోనే నాన్న తాత ఇంటికి పైకప్పు వేయించాడు. అది తలుచుకుని గర్వపడేవాడు.

అక్క: గర్వపడేవాడు, నిజమే. నడుం పట్టేస్తే మంచం పట్టుకుని లేచేవాడు, అదీ నిజమే. "ఎల్ కొర్తీతో" అనేవాళ్లే, ఆ పొట్టి పార గుర్తుందా? మూరెడు కర్ర ఉన్న కలుపు పార. లెట్యూస్ మొక్కలు పలచన చెయ్యడానికి పొద్దుగూకేదాకా నడుం వంచే ఉండాలి. పొడుగు కర్రయితే మొక్కలు తెగుతాయని రైతులు సాకు చెప్పేవాళ్లు. అసలు సంగతి, నడుం ఎత్తినవాడు మేస్త్రీకి చేను అవతలి నుంచే కనబడతాడు.

తమ్ముడు: దాన్ని 1975లో నిషేధించారు కదా.

అక్క: అప్పటికి నాన్న వచ్చి పద్దెనిమిదేళ్లు. పైగా కూలిలో పదోవంతు పొదుపని పట్టుకుని, మెక్సికో బ్యాంకుల్లో వేశామన్నారు. ఆ డబ్బు ఏమైందో...

తమ్ముడు: ఆగాగు. అది నాన్న కాలం కాదు. మొదట్లో బ్రసేరోలుగా వచ్చినవాళ్లది, అంటే తాతది. కోపంలో ఇద్దరి బాకీ ఒకరి ఖాతాలో రాయకు.

అక్క: సరే, తాతదే. 2008లో ఆ పొదుపు డబ్బు కేసు రాజీ అయ్యి మనిషికి 3,500 డాలర్లిస్తామంటే, చూపించడానికి మన దగ్గర కాగితం ముక్క లేదు. అందుకే అంటున్నా, ఈ కార్డు మీదైనా ఉండాలని.

తమ్ముడు: అక్కా, నువ్వు చెప్పే నాన్న మొత్తం నడుమే. ఆదివారం పూట రేడియో పెట్టుకుని పక్కింటివాళ్ల ట్రక్కు కింద దూరిన మనిషి ఏడీ? ఎవరైనా అయ్యో పాపం అంటే లేచి వెళ్లిపోయేవాడు. ఆయన్ని చచ్చాక పాపం అనిపిస్తావా?

అక్క: పాపం అనమనలేదు. ఏం జరిగిందో రాయమన్నాను. ఆయన చెప్పకపోతే మనమూ చెప్పొద్దా?

తమ్ముడు: చెప్పలేదని ఎవరన్నారు? మన పక్కనున్న చువలార్ ఊరు దాటేటప్పుడు నాన్న కారు స్లో చేసేవాడు, చూశావా?

అక్క: పోలీసులుంటారనుకునేదాన్ని.

తమ్ముడు: 1963 సెప్టెంబరు 17. కూలీల్ని ఎక్కించుకున్న బండి అక్కడ పట్టాలు దాటుతుంటే గూడ్సు రైలు గుద్దేసింది. బస్సు కూడా కాదది. ట్రక్కు మీద బెంచీలు వేసి బస్సన్నారు. 32 మంది పోయారు. అందులో నాన్నతో ఒకే గదిలో ఉన్నవాళ్లు ఇద్దరు. ఆ రోజు నాన్నది వేరే చేను.

అక్క: నాకెప్పుడూ చెప్పలేదే.

తమ్ముడు: నాకూ ఒక్కసారే. నువ్వు కాలేజీకి వెళ్లిన ఏడాది. వాళ్లెలాంటివాళ్లు నాన్నా అని అడిగా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కష్టజీవులురా. నాకంటే ఎక్కువ" అన్నాడు. అంతే. అందుకే రాశానా మాట, మేస్త్రీ అన్నాడని కాదు.

అక్క: ...ముందే చెప్పొచ్చు కదరా.

తమ్ముడు: నువ్వు చెప్పనిస్తే కదా.

అక్క: ఆ మాట ఉంచు. దాని ముందు "1957లో వచ్చిన బ్రసేరో" అని వెయ్.

తమ్ముడు: రెండు వాక్యాలే పడతాయి. అంత చోటు లేదు.

అక్క: రెండోది తీసెయ్.

తమ్ముడు: భార్యాబిడ్డల మాట తీసేస్తే అమ్మ ఊరుకుంటుందా?

అక్క: పడుకుందా?

తమ్ముడు: లేదు. ఇందాకట్నుంచి గుమ్మంలో నిలబడి వింటోంది.