ఆపకండి అంకుల్

పాత మోటారు సైకిళ్ల ప్రకటనలు చూసేవారికి ఒక రకం బండి బాగా పరిచయం. దానికి రెండేళ్లు నిండి ఉంటాయి, మీటరు మాత్రం వెయ్యి కిలోమీటర్ల దగ్గరే తచ్చాడుతూ ఉంటుంది, కంపెనీ అమర్చిన సామానులో ఇంజనూ నంబరు ప్లేటూ తప్ప చెప్పుకోదగ్గదేదీ మిగిలి ఉండదు. పైన మాత్రం 'సింగిల్ ఓనర్, షోరూమ్ కండిషన్, అర్జెంట్ సేల్' అని రాసి ఉంటుంది. మా స్కూటరు ఈ మధ్య మొండికేస్తూ ఉండటంతో, అంతగా నడవని 350 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ చౌకగా వస్తుందన్న ఆశతో నిన్న ఉదయం నిజాంపేటలోని ఒక అపార్టుమెంటు సెల్లారులోకి దిగాను.

బండి యజమాని సాఫ్ట్‌వేర్ కుర్రవాడు. నన్ను చూడగానే 'రండి అంకుల్' అన్నాడు. నా జుట్టుకు రంగు వేసుకుని వెళ్లినందువల్ల ఒరిగిందేమీ లేదని అక్కడే తేలిపోయింది. కవరు తీసి, ఒక్కొక్క భాగాన్నీ వేలితో చూపిస్తూ ధరలు చెప్పసాగాడు. హ్యాండిలు ఢిల్లీ కరోల్ బాగ్ నుంచి తెప్పించాడట, సీటు ప్రత్యేకంగా కుట్టించాడట, ట్యాంకు మీద మంచు కొండలు గీసిన చిత్రకారుడు మూడు వారాలు తీసుకున్నాడట. ఎక్స్‌ట్రా ఫిట్టింగులకే లక్ష దాటిందని, ఆ లక్షను బండి ధరకు కలిపి ఇవ్వాలని అతని కోరిక. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ నిర్దేశించిన దానికి భిన్నంగా బండిని మార్చకూడదనీ, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటనే ఖాయం చేసిందనీ, అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని పడవచ్చుననీ నాకు తెలుసు. అందువల్ల అతని వేలు ఆగిన ప్రతి చోటా నేను మనసులో ఇంకో అయిదు వేలు కలుపుకుంటూ వచ్చాను. ఇద్దరం ఒకే వస్తువులను లెక్కపెడుతున్నాం, జమ అతనిది, ఖర్చు నాది.

ఇంత ముచ్చటపడి చేయించినది ఎందుకు అమ్ముతున్నావని అడిగితే 'టైమ్ లేదు అంకుల్' అన్నాడు గాని, అసలు సంగతి బండే చెబుతోంది. వెనక సీటు తీసేశాడు కనుక పెళ్లయ్యాక భార్య ఎక్కడానికి చోటు లేదు. వెనక మడ్‌గార్డు కోయించాడు కనుక వానాకాలంలో ఆఫీసుకు వెళితే మెడ నుంచి నడుము దాకా చొక్కా మీద బురద గీత ఒకటి తిన్నగా పడుతుంది. హ్యాండిలు కిందికి దించాడు కనుక మియాపూర్ ట్రాఫిక్‌లో పది నిమిషాలకే మణికట్లు మొరాయిస్తాయి. హాయిగా పోనివ్వడానికి ఊరి చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు ఉంది గాని దాని మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు. లడఖ్ యాత్రకని కొన్న పెట్టెలు ఇంకా ప్లాస్టిక్ తొడుగుల్లోనే ఉన్నాయి. వీటన్నిటినీ మించిన కారణం మరొకటి ఉందని నా అనుమానం. బొమ్మల కొలువులో సరదా అంతా పేర్చడంలోనే ఉంటుంది. ఇతని బండికి పేర్చవలసినవన్నీ అయిపోయాయి, ఇక నడపడం ఒక్కటే మిగిలింది, ఆ పని మీద అతనికి మొదటి నుంచీ మోజు లేదు.

'మీరే నడిపి చూడండి' అన్నాడు. తాళం తిప్పితే మీటరులో దీపం వెలిగింది గాని, స్టార్టరు బటను నొక్కితే టక్కుమని ఊరుకుంది. నెలల తరబడి కదలని బండికి బ్యాటరీ ఎక్కడ నిలుస్తుంది? ఈ మోడలుకు కిక్కు కూడా లేదు. వాచ్‌మన్‌ను పిలిచి ఇద్దరూ కలిసి నన్ను తోశారు. సెల్లారులో రెండు చుట్లు తిరిగాక, రెండో గేరులో క్లచ్చి వదలగానే, ఆ సైలెన్సరు లేని సైలెన్సరు నుంచి బాంబు పేలినట్టు శబ్దం వచ్చింది, చుట్టుపక్కల కార్లన్నీ అలారాలు మోగించాయి, బండి నన్ను తీసుకుని ర్యాంపు ఎక్కేసింది. ట్యాంకు మీద బోర్లా పడుకున్నట్టు కూర్చోవలసిన బండి కావడంతో పైన ఏముందో కనపడలేదు. తలెత్తి చూసేసరికి అపార్టుమెంటు సంక్షేమ సంఘం సర్వసభ్య సమావేశం మధ్యలో, ప్లాస్టిక్ కుర్చీల నడుమ ఆగి ఉన్నాను.

'ఆపండి!' అన్నారు అధ్యక్షులవారు. 'ఆపకండి అంకుల్, ఆగితే మళ్లీ స్టార్ట్ కాదు!' అని ర్యాంపు కింది నుంచి కుర్రవాడు అరిచాడు. ఆపడం కష్టమేమీ కాదు, క్లచ్చి వదిలితే చాలు. ఆపాక ఏం చేయాలన్నదే చిక్కు. లుక్కు కోసం బండి ఎత్తు తగ్గించడంతో సైడు స్టాండు పొడవెక్కువై, దాని మీద ఆనిస్తే బండి అవతలి పక్కకు ఒరిగిపోతోంది. సెంటరు స్టాండును బరువు తగ్గించే పేరుతో ముందే పీకేశాడు. సెల్లారులో ఆ బండి రెండేళ్లుగా నిలబడింది స్టాండు మీద కాదు, స్తంభానికి ఆనుకుని. ఇప్పుడు ఆ స్తంభం ఉద్యోగం నాకు వచ్చింది. 195 కిలోలతో పుట్టిన బండిని రెండు కాళ్ల మధ్య పట్టుకుని నిలబడ్డాను.

అంతటితో పోలేదు. పొగ గొట్టం మార్చినవారు ఇంజనుకు తగిన సర్దుబాటు చేయకపోవడంతో, యాక్సిలరేటరు వదిలితే ఇంజను ఆగిపోతోంది. అందువల్ల కొన్ని క్షణాలకొకసారి నేను దాన్ని తిప్పక తప్పలేదు. అధ్యక్షులవారు 'అసలు మీకు బుద్ధుందా?' అన్నారు. బండి డబడబమని గర్జించింది. 'పసిపిల్లలు పడుకునే వేళ!' అని ఒకావిడ అన్నారు. మళ్లీ గర్జించింది. నేను ప్రతి మాటకూ ఎదురు సమాధానం చెబుతున్నానని సభ నిర్ధారించుకుంది. విశ్రాంత ఇంజనీరుగారొకరు ఫోనులో శబ్దం కొలిచే యాప్ తెరిచి నా చుట్టూ ప్రదక్షిణ చేస్తూ, 175 సీసీ దాటిన మోటారు సైకిలుకు 80 డెసిబెల్స్ పరిమితి ఉందని సభకు వివరించారు. ఆయన చెప్పినది అక్షరాలా నిజమేనని ఒప్పుకోవాలనుకున్నాను గాని అప్పుడే ఇంజను మందగించింది, నేను మణికట్టు తిప్పవలసి వచ్చింది. నేను ఈ భవనం వాణ్ణి కానని చెప్పబోతే హెల్మెట్టు లోపలి నుంచి మాట బయటికి రాలేదు. తల అడ్డంగా ఊపితే పొగరనుకున్నారు, నిలువుగా ఊపితే నేరం ఒప్పుకున్నాననుకున్నారు. రెండేళ్లుగా ఆ బండి మీద పోగుపడిన ఫిర్యాదులన్నీ, నడిపినవాడు ఎవరన్న విచక్షణ లేకుండా, వరసగా నాకే వినిపించారు. దీపావళినాటి సంగతి కూడా వచ్చింది.

కుర్రవాడు ర్యాంపు కింద స్తంభం చాటున ఉన్నాడని, అతని చెప్పుల కొసలు నాకు కనిపిస్తున్నాయని ఎవరికి చెప్పను? వాచ్‌మన్‌కు అంతా తెలుసు. అయినా జీతమిచ్చేది సంఘం కనుక, ఫ్లాటు అద్దెకున్న సారు రోజూ కనిపించే మనిషి కనుక, అతను ఎంతో శ్రద్ధగా నీళ్ల ట్యాంకు వైపు చూస్తూ నిలబడ్డాడు.

చివరికి పెట్రోలే అయిపోయింది. సంఘం కోశాధికారి అప్పటికే 500 రూపాయల రసీదు రాసి సిద్ధంగా ఉంచారు. నా చేతులు ఖాళీగా లేనందువల్ల ఆయనే చొరవ తీసుకుని నా జేబులోంచి డబ్బు తీసుకుని, చిల్లరతో సహా రసీదును అదే జేబులో పెట్టారు. ఇంటికొచ్చి చూసుకుంటే అందులో ఫ్లాటు నంబరు ఆ కుర్రవాడిది, సంతకం కోశాధికారిది, పేరు ఉండవలసిన చోట 'బుల్లెట్ అంకుల్' అని ఉంది.