రెండో గుండు గారికి బహిరంగ లేఖ

రెండో గుండు గారికి,

తిరుపతి నుంచి నమస్కారం. మా దగ్గర గుండంటే మర్యాద ఉంది. కళ్యాణకట్టలో ఒక తలకు ఒక్కసారే కొడతారు, మొక్కు తీరిపోతుంది. ఇంకోటి కొట్టించుకుంటే పుణ్యం రెట్టింపని ఎవరూ అనరు. కొండ దిగి పలమనేరు దాటేసరికి ఆ తెలివి ఏమైపోతుందో గానీ, మూతి నుంచి మందూ గుండూ కూరే తుపాకీతో పందుల్ని కాసే చెనక్కాయ చేల గట్ల మీద, మొదటి గుండు మీద కూరే తమరి పేరెత్తితే చాలు, "రెండేస్తే దెబ్బ డబులప్పా!" అంటారు.

లెక్క చూద్దాం. .50 క్యాలిబర్, అంటే అర అంగుళం గొట్టం తుపాకీకి పట్టే సీసపు గుండు సుమారు 177 గ్రెయిన్లు, అంటే పదకొండున్నర గ్రాములు. దాని వెనక 70 గ్రెయిన్ల తుపాకి మందు పోశారనుకోండి, నాలుగున్నర గ్రాములు. తమరు ఎక్కి కూర్చునేసరికి బరువు 23 గ్రాములైంది. మందు మాత్రం అంతే. ఉన్న శక్తిని ఇద్దరూ అన్నదమ్ముల్లా పంచుకోవాలి. వేగం దాదాపు 30 శాతం పడిపోతుంది, ఒక్కొక్కరికీ సగం దెబ్బే మిగులుతుంది. పోనీ ఇద్దరూ ఒకే చోటికి పోతారా? మొదటాయన పంది వైపు, తమరు పక్క చేలో కావలి మంచె వైపు.

వేటు సగమైనా గొట్టానికి మాత్రం భారం పెరుగుతుంది. బరువు కదలడానికి ఆలస్యం చేసేకొద్దీ మందు ఆ ఇరుకులోనే కాలి ఒత్తిడి ఎక్కుతుంది. ఇది అర్థంకాని మహానుభావులు "రెండు గుండ్లకు రెండింతల మందు" అని ఇంకో కొలత పోస్తారు. పైగా పలుకు చూడరు. ఇడ్లీ రవ్వంత పలుకు నిదానంగా కాలుతుంది, బొంబాయి రవ్వంత సన్నం చేస్తే భగ్గుమంటుంది. తూటా విప్పి తీసిన, ఇంతకన్నా ఎంతో బలమైన పొగలేని మందును అదే గొట్టంలో అదే కొలతకు పోసేవాళ్ల గురించి చెప్పేదేముంది? కంపెనీ గొట్టమే తట్టుకోదు, అతుకేసిన పైపు ముక్క ఎంత!

తమరి అసలు విద్య వేరే ఉంది, జారడం. తుపాకీ మూతి కిందికి పెట్టుకుని చేనంతా తిరుగుతుంటే తమరు నాలుగు వేళ్ల దూరం ముందుకు జరిగి మధ్యలో ఖాళీ వదులుతారు. కాల్చగానే మొదటాయన వేగంగా వచ్చి, దారికడ్డంగా నిలబడ్డ తమరిని గుద్దుతాడు. ఆ చోటే గొట్టం ఉబ్బుతుంది, లేదా చీలుతుంది. ఎడమ చెయ్యి ఉండేది సరిగ్గా దాని కిందే.

తమరు కొన్నిసార్లు పిలవకుండానే వస్తారు. మందుకు నిప్పంటించే చిన్న క్యాప్ పేలి, లోపలి మందు అంటుకోకపోతే, పేలిందనుకుని మళ్లీ కూరేస్తారు. అమెరికాలో 1863 నాటి గెట్టిస్‌బర్గ్ యుద్ధం తర్వాత ఏరిన తుపాకుల్లో ఒకదాంట్లో 23 లోడ్లు ఉన్నాయంటారు. తమరి వంశమంతా అందులోనే కాపురముందన్నమాట!

తమరిని పట్టడానికి పైసా ఖర్చులేదు. ఖాళీ గొట్టంలో కూరే కడ్డీ దించి మూతి దగ్గర ఒక గీటు, సరైన లోడు మీద ఇంకో గీటు. రెండో గీటు మూతికి అర అంగుళం పైన నిలిచిందంటే లోపల తమరున్నట్టే, లేదా ఉన్న గుండు మందు మీద ఆనలేదు. పేల్చి వదిలించుకోవడం మాత్రం కూడదు. మూతిని ఎవరూ లేని వైపు ఒక నిమిషమన్నా ఉంచి, క్యాప్ తీసి, మందు నానేలా నీళ్లు పోసి, కడ్డీ చివర మరమేకు బిగించి తమరి నెత్తిలోకి తిప్పి బయటికి లాగాలి.

చట్టం అండ కూడా ఆశించకండి. 1959 నాటి ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో పంట కాపలాకు మూతి నుంచి కూరే తుపాకీకి లైసెన్సు మాట ఉంది, తమరి మాట లేదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేకుండా అడవి పందిని కొడితే నేరం. అక్కడ మాత్రం తమరికీ మొదటాయనకీ తేడా చూపరు.

ఇట్లు,
ఒక్క గుండుతో మొక్కు తీర్చుకునేవాళ్లు