సీపీఐ, సీపీఎం, మావోయిస్టులు ఒకే గడిలోనా?

మా చిన్నాయన కొడుకు అనంతపురంలో గ్రూప్స్ కోచింగ్ తీసుకుంటున్నాడు. మొన్న వాడి నోట్స్ తిరగేస్తుంటే పార్టీల పట్టిక ఒకటి కనిపించింది. సీపీఐ, సీపీఎం, మావోయిస్టు పార్టీ మూడింటినీ ఒకే గడిలో వేసి ‘అతివాద వామపక్షం’ అని రాయించారు. చదవగానే కోపం వచ్చింది. కమ్యూనిస్టు నేత తరిమెల నాగిరెడ్డి పుట్టిన జిల్లాలో పిల్లలకు చెప్పే పాఠం ఇదా?

ఆయన జీవితం ఒక్కటి చూసినా ఆ గడి నిలబడదు. 1952లో అనంతపురంలో సొంత బావ నీలం సంజీవరెడ్డిని ఓడించి శాసనసభకు వెళ్లారు. 1957లో లోక్‌సభకు గెలిచారు. 1964లో సీపీఐ చీలి సీపీఎం పుట్టినప్పుడు సీపీఎం వైపు నిలిచారు. 1968లో సీపీఎం బర్ద్వాన్‌లో పెట్టిన ప్రత్యేక సమావేశం (ప్లీనం) నాటికి ఆ పార్టీ దారితోనూ పొసగక బయటికి వచ్చేశారు. 1969లో ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేశారు. అలాగని నక్సలైట్ నేత చారు మజుందార్‌తో కలిశారా? లేదు. వ్యక్తులను చంపుకుంటూ పోతే విప్లవం రాదని ఆయనతోనూ విభేదించారు. ఇన్ని మలుపుల్లోనూ మార్క్సిజాన్ని వదల్లేదు. మరి ఇన్ని పార్టీలు ఎందుకు మారాల్సి వచ్చింది? ఎవరితో కలవాలి, అసెంబ్లీ పనికొస్తుందా, ఆయుధం ఎప్పుడు పట్టాలి అనే ప్రశ్నలకు ఒక్కో పార్టీ ఒక్కో జవాబు చెప్పింది కాబట్టి. వర్గీకరణ చేయాలంటే ఆ జవాబుల దగ్గర మొదలుపెట్టాలి.

సీపీఐ మాట జాతీయ ప్రజాతంత్ర విప్లవం. గుత్తాధిపతులు కాని పెట్టుబడిదారులతో కలిసి నడవొచ్చని దాని లెక్క. సీపీఎం మాట జనతా ప్రజాతంత్ర విప్లవం. నాయకత్వం కార్మికవర్గానిదే అయి తీరాలంటుంది. పుస్తకాల గొడవలా వినిపిస్తుంది గానీ, 1975లో ఎమర్జెన్సీ వచ్చినప్పుడు సీపీఐ ఇందిరాగాంధీని సమర్థించింది, సీపీఎం వ్యతిరేకించింది. తర్వాత సీపీఐ అది తప్పని ఒప్పుకుంది. ఇక 2004లో ఏర్పడిన మావోయిస్టు పార్టీ ఎన్నికలనే ఒప్పుకోదు. దాని మీద 2009 నుంచి కేంద్రం నిషేధం ఉంది. ఓటు అడగడానికి ఇంటికొచ్చే పార్టీనీ, ఓటే వద్దనే పార్టీనీ ఒక గడిలో ఎలా పెడతారు?

పొత్తులు చూసి ముద్ర వేయడం కూడా నాకు నచ్చదు. పక్కనున్న కర్నూలులో సీపీఎం 1994లో తెలుగుదేశం పొత్తుతో, 2004లో కాంగ్రెస్ పొత్తుతో గెలిచింది. అంతమాత్రాన ఆ పార్టీ సిద్ధాంతం రెండుసార్లు మారిందా? సోషలిజం అన్న పదాన్ని పట్టుకున్నా లాభం లేదు. ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఏ సెక్షన్ ప్రకారం ఈ దేశంలో రిజిస్టరయ్యే ప్రతి పార్టీ సోషలిజానికి కట్టుబడతామని రాసివ్వాల్సిందే.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. సీపీఎం, సీపీఐ కాగితం మీద విప్లవ పార్టీలు, చేతల్లో సోషల్ డెమోక్రాట్లు, అంటే ఎన్నికలు, చట్టాల దారిలోనే మార్పు తెచ్చేవాళ్లు. పశ్చిమ బెంగాల్‌లో ఆపరేషన్ బర్గా కింద కౌలు రైతుల పేర్లు రికార్డుల్లోకి ఎక్కించింది సీపీఎం ప్రభుత్వమే. అదే ప్రభుత్వం 2007లో నందిగ్రామ్‌లో భూమి ఇచ్చేది లేదన్న జనం మీద పోలీసులు కాల్పులు జరిపే స్థితికి వచ్చింది. రెండూ లెక్కలోకి రావాలి. సోషల్ డెమోక్రాట్ అంటే పార్టీ కార్యకర్తలు తిట్టుగా తీసుకుంటారని తెలుసు. నేను తిట్టుగా అనడం లేదు. బుడ్డల (వేరుశనగ) పంట ఎండిపోయి బీమా డబ్బు రానప్పుడు మా నాయన కలెక్టరేట్ ముందు కూర్చుంది ఎర్రజెండా కిందే. ఆ రోజు వాళ్లు అడిగింది విప్లవం కాదు, ఎకరాకు రావాల్సిన పరిహారం.

తమ్ముడికి ఇదంతా చెప్తే, “పరీక్షలో నాలుగు ఆప్షన్లే ఉంటాయి కదన్నా” అన్నాడు. నిజమే. అయినా ఆ పేజీ వెనక వాడితో కొత్త పట్టిక గీయించాను. ఒక గడిలో పార్టీ కార్యక్రమంలో రాసుకున్న మాట, పక్క గడిలో అధికారం వచ్చినప్పుడు చేసిన పని. సోమవారం క్లాసులో దాన్ని సార్‌కు చూపించి అడగమన్నాను.