సవరణ: సిరప్‌ను గ్లాసు పాలల్లో కలపొద్దు

చేదు యాంటీబయాటిక్ సిరప్‌ను గ్లాసుడు పాలల్లో కలిపి పిల్లలకు తాగించమని మొన్న రాశాను. అది తప్పు, పొరపాటు నాదే. నల్లగొండలో మా పాపను చూసే పిల్లల డాక్టరమ్మను అడిగితే వివరంగా చెప్పింది. పిల్ల సగం తాగి మూతి తిప్పుకుంటే, లోపలికి ఎంత డోసు పోయిందో ఎవరికీ తెలియదు. పైగా పాల మీదే విరక్తి పుడుతుంది.

సూది లేని సిరంజితో బుగ్గ లోపలివైపు కొంచెం కొంచెంగా పోయాలి. మింగాక అరటిపండు ముక్క పెట్టొచ్చు. కలపక తప్పదంటే ఒక్క చెంచా మెత్తటి తిండిలోనే, అదీ ఆ మందుకు పనికొస్తుందో లేదో అడిగాకే.

క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ విషయంలో మరీ జాగ్రత్త. చేదు తెలియకుండా దాని సిరప్‌లోని సన్నటి మందు రేణువులకు పూత ఉంటుంది, పుల్లటి బత్తాయి రసంలో కలిపితే చేదు ఇంకా పెరుగుతుంది. పాత పోస్టు ఎవరికైనా పంపి ఉంటే దయచేసి ఇది కూడా పంపండి.