భూమిలో దాక్కున్న పెట్రోలు ట్యాంకు గారికి

మహారాజశ్రీ భూగర్భ ఇంధన ట్యాంకు గారికి నమస్కరించి రాయునది ఏమనగా,

మేమిక్కడ క్షేమం. తమరు అక్కడ క్షేమంగా లేరని మాకు గట్టి అనుమానం.

ఈ మధ్యాహ్నమంతా తమరు కారుతున్నారేమో మట్టి తీసి చూద్దామని తప్పుడు చోట బోర్లు వేశాం. డ్రాయింగులో తమరు కాంపౌండు గోడ పక్కనే ఉన్నారు. రిగ్గు ఎక్కడ దించినా శుభ్రమైన మట్టే. ముక్కుకు వాసన లేదు, గాలిలో పెట్రోలు ఆవిరిని పసిగట్టే పీఐడీ మీటరు సున్నా దాటదు. "లీకే లేదని మొదటి నుంచీ చెబుతున్నా కదండీ" అని బంకు యజమాని ముఖం వెలిగిపోయింది. పొద్దుగూకే వేళకు పాత ఉద్యోగి ఒకాయన వచ్చి, తమరు షెడ్డు అవతల ఉన్నారని చల్లగా చెప్పాడు. ఆ డ్రాయింగు తమరిని పాతకముందు గీసిందట. తర్వాత దిద్దే తీరిక ఎవరికీ దొరకలేదట.

సరే, అది వదిలేస్తాను. వదల్లేనిది తమ రిజిస్టరు.

రోజూ డిప్ రాడ్ దించి మట్టం చూస్తారు. పోసిందెంత, అమ్మిందెంత, మిగిలిందెంత అని రాస్తారు. తగ్గితే "చలికి తగ్గిందండీ" అంటారు. అందులో అబద్ధం లేకపోవడమే నా కడుపుమంట. పెట్రోలు ఒక్క డిగ్రీ చల్లబడితే సుమారు వెయ్యో వంతు కుంచించుకుపోతుంది. 10,000 లీటర్లుంటే దాదాపు 10 లీటర్లు లెక్కలో మాయం. రాడ్ మీద తడి గీత చదవడంలో ఇంకొంచెం అటూ ఇటూ. తమరు కారేది సరిగ్గా ఆ సందులోనే. రోజుకు రెండు లీటర్లు కారినా "తేడా పరిమితిలోనే ఉంది" అని కింద సంతకం పడిపోతుంది. అలా ఏడాదికి 730 లీటర్లు! పోనీ నిజంగా వాతావరణమే కారణమైతే ఒక నెల తక్కువ, ఒక నెల ఎక్కువ రావాలి కదా? తమ రిజిస్టరులో నెలనెలా తరుగే. ఏడాది పొడుగునా చలికాలమేనా మహాప్రభో? ఆ పేజీలు తిప్పుతుంటే నాకు బీపీ పెరిగింది. సంతకాలు చేసినవాళ్లెవరూ రెండు పేజీలు పక్కపక్కన పెట్టి చూసినట్టు లేదు.

తప్పు తమది కాదు, పైపు జాయింటుదంటారా? కావచ్చు, చాలా చోట్ల కారేది అక్కడే. అది తమ ఇంటి గొడవ. మట్టి శాంపిల్‌ని వెంటనే సీసాలో పెట్టి మూత బిగించకపోతే పెట్రోలులో ఉండే బెంజీన్ అనే రసాయనం ఆవిరైపోయి ల్యాబ్ రిపోర్టు తమకు క్లీన్‌చిట్ ఇస్తుంది. తమ అదృష్టం అలాంటిది.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. భూగర్భజలం వాలు ఎటో తెలియడానికి దేవుడి దాకా అక్కర్లేదు, కనీసం మూడు బావులు తవ్వి మట్టాలు కొలిస్తే చాలు. పెట్రోలు నీళ్ల కంటే తేలిక కనుక నీటిమట్టం మీద తేలుతుంది. మట్టం లేచి దిగినప్పుడల్లా మట్టికి కొత్త పూత. అందులోంచి బెంజీన్ కరిగి నీటితో పాటే పల్లానికి నడుస్తుంది. అది క్యాన్సర్ తెచ్చే సరుకు. తాగేనీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. పల్లంలో ఎవరిదో బోరు ఉంటుంది. ఆ నీళ్లు తాగే పిల్లలకు "చలికి తగ్గింది" అని చెప్తావా? ఇక గారూ గీరూ లేదు. ఇన్నేళ్లు కడుపులో పెట్టుకున్నదంతా ఊళ్లో జనం మీదికి వదిలి, పైన కాంక్రీటు కప్పుకుని పడుకున్నావు. సిగ్గుండాలి.

రేపు షెడ్డు అవతల తవ్వుతున్నాం. క్రేన్‌తో ఎత్తేముందు నీ కడుపులో డ్రై ఐస్, అంటే గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్, వేసి చల్లగా సాగనంపుతాం. మర్యాద అనుకోకు. మిగిలిన ఆవిరి అంటుకుని పేలకుండా, మా ప్రాణాల కోసం.

ఇట్లు,
నీ చుట్టూ బోర్లు వేసేవాడు