జట్టు పోయింది, కప్పు ఎవరి ఖాతాలో?

హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ జట్టు ఇప్పుడు లేదు. 2025 అక్టోబర్‌లో మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. అక్కడ దాని పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. అంతకు మూడున్నరేళ్ల ముందే ఇండియన్ సూపర్ లీగ్ టైటిల్ గెలిచిన జట్టు ఊరు విడిచి పోతుంటే నగరంలో ఓ నాలుగు రోజులు కూడా చర్చ జరగలేదు. ఐపీఎల్‌లో ఒక ఆటగాడిని వేలంలో వదిలేస్తే వారం రోజులు వాదులాడుకునే ఊరు ఇది.

బాధపడినవాళ్లు లేకపోలేదు. పసుపు, నలుపు జెర్సీలు వేసుకుని గచ్చిబౌలి స్టేడియంలో గొంతు పోయేదాకా అరిచిన ‘డెక్కన్ లీజియన్’ అభిమాన బృందం కుర్రాళ్లను అడిగితే తెలుస్తుంది. వాళ్ల కోపం జట్టు ఓడిపోయినందుకు కాదు. ఓడిపోయిన జట్టును అభిమాని నాలుగు తిట్లు తిడతాడు, మళ్లీ శనివారం టికెట్ కొనుక్కుని వస్తాడు. జీతాలు ఎందుకు ఆగాయి, ఆటగాళ్లు ఎందుకు వెళ్లిపోతున్నారు, వచ్చే ఏడాది జట్టు ఇక్కడ ఉంటుందా అన్న ప్రశ్నలకు ఏ దశలోనూ ఎవరూ సూటిగా సమాధానం చెప్పలేదు. కోపమంతా అక్కడుంది.

ఇలాంటప్పుడు వినిపించే మాట ఒకటుంది. హైదరాబాద్‌లో ఫుట్‌బాల్‌కు ఆదరణ లేదట, జనం రాకపోతే ఏ యజమాని మాత్రం ఎన్నాళ్లు డబ్బు పోస్తాడట. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది ఈ వాదన. ఒక్కసారి లెక్క చూద్దాం.

జట్టు 2019లో పుట్టింది. ఆ నవంబర్ 2న గచ్చిబౌలిలో కేరళ బ్లాస్టర్స్ మీద 2-1తో తొలి విజయం సాధించింది. చివర్లో మార్సెలీనో ఫ్రీకిక్‌తో కొట్టిన గోల్‌ను ఆనాడు స్టేడియంలో ఉన్నవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పుకోవడానికి ఆ సీజన్‌లో అంతకుమించి ఏమీ లేదు. 18 మ్యాచ్‌లలో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. ఆ తర్వాత కరోనా. రెండు సీజన్లు లీగ్ మొత్తాన్నీ గోవాలోనే ఆడించారు. సరిగ్గా ఆ రెండేళ్లలోనే స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ చేతిలో జట్టు రాటుదేలింది. 2021-22లో నైజీరియా స్ట్రైకర్ ఓగ్బెచె ఒక్కడే 18 గోల్స్ కొట్టాడు. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో జరిగిన ఫైనల్లో 88వ నిమిషం దాకా గోల్ వెనకబడి ఉన్నప్పుడు సాహిల్ తవోరా స్కోరు సమం చేశాడు. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు షాట్లు ఆపేశాడు. హైదరాబాద్ ఛాంపియన్. స్టాండ్లలో మాత్రం ఎటుచూసినా కేరళ జనమే. మనవాళ్లు ఎక్కువమంది టీవీ ముందు కూర్చుని చూశారు.

అంటే ఛాంపియన్ జట్టును సొంత మైదానంలో చూసే భాగ్యం హైదరాబాదీకి దక్కింది 2022-23లోనే. ఆ ఏడాది కూడా జట్టు 42 పాయింట్లతో లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. సెమీఫైనల్లో మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీల్లో ఓడింది. జనం అప్పుడే అలవాటు పడుతున్నారు. గచ్చిబౌలి ఆఫీసుల నుంచి సాయంత్రం నేరుగా మ్యాచ్‌కు వచ్చే కుర్రాళ్లు, పిల్లల్ని భుజాన ఎక్కించుకుని వచ్చే తండ్రులు కనిపించడం మొదలైంది. అంతలోనే అంతా కూలిపోయింది. ఆరు సీజన్లలో ఒక్కటంటే ఒక్కటి మంచి జట్టును కళ్ల ముందు నిలబెట్టి, ఈ ఊరికి ఆట మీద ప్రేమ లేదని తీర్పు చెప్పడం ఏం న్యాయం?

కూలిపోయిన తీరు మరీ ఘోరం. కోచ్ గోవాకు వెళ్లిపోయాడు, ఓగ్బెచె వెళ్లిపోయాడు. అది ఆటలో మామూలే. జీతాల బకాయిలు మాత్రం మామూలు విషయం కాదు. చెల్లించాల్సింది చెల్లించలేదని అంతర్జాతీయ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా కొత్త ఆటగాళ్ల నమోదు మీద నిషేధం విధించింది. 2024 జనవరికల్లా విదేశీ ఆటగాళ్లు దాదాపు అందరూ, పేరున్న భారత ఆటగాళ్లు చాలామంది జట్టును వదిలేశారు. కొత్తవాళ్లను తీసుకునే వీలు లేదు, ఉన్నవాళ్లు ఉండే పరిస్థితి లేదు. చివరికి రిజర్వ్ జట్టు కుర్రాళ్లను మైదానంలోకి దింపారు. అవతల మోహన్ బగాన్, ముంబై సిటీ లాంటి కోట్ల రూపాయల జట్లు. ఇవతల నిన్నటిదాకా యూత్ లీగ్ ఆడుకుంటున్న పిల్లలు. 22 మ్యాచ్‌లకు ఒకే ఒక్క విజయం, అదీ చెన్నైలో. మొత్తం 8 పాయింట్లు. ఆ కుర్రాళ్ల మీద ఈ నగరంలో ఎవరికీ కోపం లేదు. పదిమంది వదిలేసిన బరువును వాళ్లు మోశారు. వాళ్లకు థాంక్స్ చెప్పిన పెద్దమనిషి కూడా లేడు.

2024లో బీసీ జిందాల్ గ్రూప్ క్లబ్‌ను కొనుక్కుంది. మళ్లీ ఆశ చిగురించింది. అయితే సీజన్ ముంచుకొచ్చాక హడావుడిగా కూర్చిన జట్టు 24 మ్యాచ్‌లలో నాలుగే గెలిచి, 13 జట్లలో 12వ స్థానంలో మిగిలింది. ఆ మరుసటి ఏడాది లీగ్ నిర్వాహకులకూ, అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకూ మధ్య ఒప్పందం పీటముడి పడింది. అసలు లీగ్ ఉంటుందో లేదో తెలియని అయోమయంలో, అందరి చూపూ కోర్టుల వైపున్న సమయంలో, జట్టు ఢిల్లీకి మారిపోయింది.

ఇందులో ఓ విడ్డూరం ఉంది. హైదరాబాద్‌కు ఈ జట్టు వచ్చిందే పుణె జట్టు మూతపడటం వల్ల. అదే 2019లో ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్ వెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అయింది. పుణె పోగొట్టుకున్నది హైదరాబాద్‌కు వచ్చింది, ఢిల్లీ పోగొట్టుకున్నది ఒడిశాకు చేరింది, ఇప్పుడు హైదరాబాద్ పోగొట్టుకున్నది ఢిల్లీకి చేరింది. ఫ్రాంచైజీ పద్ధతిలో జట్టంటే లీగ్ ఇచ్చే లైసెన్సు. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లు ఏ ఊరికి కావాలంటే ఆ ఊరికి తీసుకుపోవచ్చు. ఊరి పేరు జెర్సీ మీద ఉంటుంది కాబట్టి జట్టు మనదే అనుకుంటాం. ఊరికి అందులో కాగితం మీద హక్కంటూ ఏమీ లేదు.

ఈ అనుభవం మనకు కొత్త కూడా కాదు. డెక్కన్ చార్జర్స్ 2008లో ఐపీఎల్ పట్టికలో అట్టడుగున ఉండి 2009లో దక్షిణాఫ్రికా గడ్డ మీద కప్పు గెలిచింది. మూడేళ్లు దాటాయో లేదో, 2012లో, ఆ ఫ్రాంచైజీని బీసీసీఐ రద్దు చేసింది. క్రికెట్ కాబట్టి మరుసటి ఏడాదే సన్‌రైజర్స్ వచ్చింది, గాయం మానింది. ఫుట్‌బాల్‌కు అంత త్వరగా మరొకరు వస్తారన్న నమ్మకం లేదు.

ఈ ఊరికి ఫుట్‌బాల్ నేర్పాల్సిన పని ఎవరికీ లేదు. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉండగానే భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు సాధించింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ కాలపు జాతీయ జట్టులో హైదరాబాదీలు లేని వరుస లేదు. అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం, గోల్‌పోస్టు ముందు కోటగోడలా నిలిచిన పీటర్ తంగరాజ్ అందరూ ఈ మట్టిలో ఆడి పైకొచ్చినవాళ్లే. తర్వాతి తరంలో మహ్మద్ హబీబ్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ కోల్‌కతా క్లబ్బులను ఏలారు. 1977లో పీలే వచ్చినప్పుడు మోహన్ బగాన్ తరఫున అతని ఎదుట నిలిచి ఆడినవాళ్లలో హబీబ్ ఒకడు. బలరాం, హబీబ్ ఇద్దరూ 2023లోనే కన్నుమూశారు. హైదరాబాద్ ఎఫ్‌సీ కూలిపోవడం మొదలైందీ ఆ ఏడాదే.

ఆ పోలీస్ జట్టు కాలంలో ఆటగాడికి ఉద్యోగం ఉండేది. నెల తిరిగేసరికి జీతం వచ్చేది. మ్యాచ్‌కు టెన్షన్ ఉండేదేమో గాని ఇంటి అద్దెకు ఉండేది కాదు. ప్రొఫెషనల్ లీగ్ వచ్చాక ఆటగాడి సంపాదన ఎన్నో రెట్లు పెరిగింది, నిజమే. కానీ ఛాంపియన్ జట్టు ఆటగాడే బకాయిల కోసం ఫిఫా తలుపు తట్టాల్సి వచ్చిందంటే ఈ వ్యవస్థలో ప్రొఫెషనల్ ఏమిటో సమాఖ్య పెద్దలే చెప్పాలి. ఇంకో మాట. ఇంత ఘన చరిత్ర ఉన్న ఊరి పేరు పెట్టుకున్న జట్టులో ఈ ఊరి కుర్రాళ్లు కనిపించింది అతి తక్కువ. బస్తీ మైదానాల్లో ఆడే పిల్లాడికి ఆ జట్టులోకి దారి ఎటో ఎవరూ చూపించలేదు. జట్టు పోతే నగరం పెద్దగా కదలకపోవడానికి ఇదీ ఒక కారణమని మేం అనుకుంటున్నాం.

ఆదరణ సంగతి అంటారా? 2025 డిసెంబర్ 13న మెస్సీ వస్తే ఉప్పల్ స్టేడియానికి వేలమంది తరలివెళ్లారు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి స్వయంగా బూట్లు కట్టుకుని మైదానంలోకి దిగారు. మెస్సీని చూడ్డానికి వచ్చినవాళ్లంతా రేపు లీగ్ మ్యాచ్‌కు వస్తారని మేం చెప్పడం లేదు. కానీ ఊరి సొంత జట్టు వెళ్లిపోయిన రెండు నెలలకే ఊరంతా ఫుట్‌బాల్ పండగ చేసుకోవడం చూసి అభిమానులకు నవ్వాలో ఏడవాలో తెలిసి ఉండదు. ఆ ఉత్సాహంలో పదో వంతు జట్టును నిలబెట్టడం మీద పెట్టి ఉంటే బాగుండేది.

అమెరికా బాస్కెట్‌బాల్‌లో సియాటిల్ సూపర్‌సోనిక్స్ కథ ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1979లో ఎన్‌బీఏ ఛాంపియన్. నలభై ఏళ్లకు పైగా ఆ ఊరి జట్టు. కొత్త యజమానులు 2008లో దాన్ని ఓక్లహోమా సిటీకి తరలించారు. అభిమానులు గుండెలు బాదుకున్నారు, ఆపలేకపోయారు. కానీ స్టేడియం లీజు గడువు ఇంకా రెండేళ్లుంది. ఆ లీజు కాగితం పట్టుకుని సియాటిల్ నగరం కోర్టుకెక్కింది. చివరికి 4.5 కోట్ల డాలర్లు ఇచ్చి యజమానులు రాజీ చేసుకున్నారు. సూపర్‌సోనిక్స్ పేరు, లోగో, రంగులు భవిష్యత్తులో వచ్చే సియాటిల్ జట్టు కోసం అక్కడే ఉంచేశారు. జట్టును ఆపే శక్తి ఆ నగరానికి లేకపోయింది. ఊరికే పోనివ్వని శక్తి మాత్రం ఉంది. అది అభిమానుల కన్నీళ్ల వల్ల వచ్చింది కాదు, ముందే రాసుకున్న ఒప్పందం వల్ల వచ్చింది.

గచ్చిబౌలి బాలయోగి స్టేడియం ప్రజల డబ్బుతో కట్టింది. 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో ఏషియన్ క్రీడలు అక్కడ జరిగాయి. మొన్న 2024లో భారత జట్టు మ్యాచ్‌లు, సంతోష్ ట్రోఫీ ఫైనల్ కూడా అక్కడే జరిగాయి. రేపు ఏ ప్రొఫెషనల్ జట్టు వచ్చి ఆ మైదానం అడిగినా రాష్ట్ర ప్రభుత్వం ఒక అద్దె రేటు చెప్పి తాళాలు చేతికిస్తే మళ్లీ ఇదే కథ. సీజన్ మొదలయ్యేలోగా ఆటగాళ్ల, సిబ్బంది ఏడాది జీతాలకు బ్యాంకు గ్యారంటీ చూపించాలి. గడువుకు ముందే ఊరు వదిలితే పరిహారం కట్టాలి. స్థానిక పిల్లలకు అకాడమీ నడపాలి, వాళ్లలో కొందరికి జట్టులో చోటు ఉండాలి. ఇవన్నీ స్టేడియం ఒప్పందంలోనే రాయించుకోవచ్చు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, క్రీడా శాఖ అధికారి ఒకరు శ్రద్ధగా కూర్చుంటే చాలు. ఇంత గట్టి షరతులు పెడితే ఎవరూ రారని భయపడేవాళ్లుంటారు. ఏడాది జీతాలకు హామీ ఇవ్వలేని యజమాని రాకపోవడమే మంచిది.

మన దగ్గరే శ్రీనిధి డెక్కన్ అనే క్లబ్ ఉంది. అజీజ్‌నగర్‌లో సొంత మైదానం, సూపర్ లీగ్‌కు కింది అంచె అయిన ఐ లీగ్‌లో 2022-23, 2023-24 సీజన్లలో వరుసగా రెండో స్థానం. రెండుసార్లూ ఒక్క మెట్టు దూరంలో పై లీగ్ చేజారింది. నగరంలో చాలామందికి ఆ పేరే తెలియదు. గచ్చిబౌలిలో పెద్ద మ్యాచ్‌లు ఆడుకునే వీలు, కాస్త ప్రచారం కల్పిస్తే డెక్కన్ లీజియన్ కుర్రాళ్ల గొంతులకు మళ్లీ పని దొరుకుతుంది. వాళ్లు ఒప్పుకుంటారో లేదో గాని అడగడంలో తప్పు లేదు.

ఫుట్‌బాల్ సమాఖ్య చేయాల్సిన పని ఒకటి మిగిలింది. 2021-22 టైటిల్ ఎవరిది? లైసెన్సు ఢిల్లీకి పోయింది కాబట్టి కప్పు కూడా ఢిల్లీ క్లబ్ గౌరవాల్లో చేరుతుందంటే అది అభిమానుల పుండు మీద కారం చల్లడమే. రికార్డుల్లో ఆ ఏటి ఛాంపియన్‌గా హైదరాబాద్ ఎఫ్‌సీ పేరే ఉంటుందని, ఆ పేరు, పసుపు నలుపు రంగులు ఈ నగరం నుంచి వచ్చే క్లబ్‌కు తప్ప మరెవరికీ ఇవ్వబోమని సమాఖ్య, లీగ్ కలిసి రాతపూర్వకంగా ప్రకటించాలి. ఖర్చు లేని పని ఇది. రాష్ట్ర ప్రభుత్వం ఒక లేఖ రాసి అడిగితే ఇంకా త్వరగా తేలుతుంది.