డ్వాక్రా మీటింగుల వల్ల కాపురాలు కూలిపోతున్నాయా?

"డ్వాక్రా సంఘాలు ఇంటి గుట్టు బజారుకీడుస్తున్నాయి, ఒక్క ఫిర్యాదుతో మొగుణ్ణి జైలుకి పంపుతున్నాయి, వైన్ షాపులు మూస్తే గొడవలన్నీ అవే పోతాయి, సంఘం పని పొదుపూ అప్పూ అంతే" అని ఒక మెసేజీ మన శ్రీకాకుళం, విజయనగరం గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. చదువుకున్నవాళ్ళే దండం బొమ్మ పెట్టి మరీ పంపుతున్నారు.

గుట్టు సంగతి ముందు చూద్దాం. గోడకి గోడ ఆనుకున్న ఇళ్ళు మనవి, రాత్రి దెబ్బ పడితే వీధంతా వింటుంది, పొద్దున్న ఎవరూ విననట్టు ఉంటారు, దాన్నేనా గుట్టు అంటున్నారు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద పెళ్ళైన ఆడవాళ్ళలో నూటికి 29 మంది భర్త చేతిలో హింస పడ్డామన్నారు. శారీరక, లైంగిక హింస పడ్డవాళ్ళలో సాయం అడిగింది నూటికి 14 మందే. మన రాష్ట్రంలో నూటికి 84 మంది ఆడవాళ్ళు ఏదో ఒక కారణానికి మొగుడు కొట్టడం సబబే అన్నారు, అదీ మన పరిస్థితి. పుట్టిల్లు దూరం, మొగుడు చెన్నైలోనో విజయవాడలోనో బిల్డింగు పనికెళ్ళి పండక్కొస్తాడు, పంపిన డబ్బు లెక్క చెప్పలేదని చెయ్యి చేసుకుంటాడు. అప్పుడు ఆమెకి అందుబాటులో ఉండేది పక్క వీధిలో సంఘం ఆడవాళ్ళే. మర్నాడు నలుగురూ వెళ్ళి "ఏటి బావూ, రాత్రి ఏటయ్యింది?" అని గుమ్మంలో అడిగితే కాపురం కూలుతుందా? ఇంకోసారి చెయ్యెత్తే ముందు వాడు ఆలోచిస్తాడు.

ఇక జైలు. 2005 గృహహింస చట్టంలో మేజిస్ట్రేటు ఇచ్చేవి రక్షణ ఉత్తర్వు, అదే ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులకి డబ్బు. రక్షణ ఉత్తర్వు మీరితేనే ఏడాది వరకూ జైలు, లేదా 20 వేల వరకూ జరిమానా, లేదా రెండూ. పెళ్ళాన్ని హింసించినందుకు పోలీసులు పెట్టే పాత 498ఎ కేసు వేరు, దాంట్లో కూడా యాంత్రికంగా అరెస్టు చెయ్యొద్దని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది.

మందు? తాగితే హింస పెరుగుతుంది, కాదనను. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళ పోరాటం 1993లో సారా నిషేధం దాకా తీసుకెళ్ళింది కూడా. కానీ తాగినోడు దారిలో ఎస్సైని కొట్టడేం? ఇంటికొచ్చి పెళ్ళాన్నే ఎందుకు కొడతాడు? ఎవర్ని కొడితే అడిగేవాళ్ళుండరో మత్తులోనూ తెలుసు వాడికి.

చివరి మాట, పొదుపూ అప్పూ అంతే అన్నది, నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించింది. 2000లో వెలుగు అనే పేదరిక నిర్మూలన పథకం మొదలైన ఆరు జిల్లాల్లో మన రెండు జిల్లాలూ ఉన్నాయి. తర్వాత సంఘాలన్నీ కలిసిన సమాఖ్యల్లో కుటుంబ గొడవలు చూసేందుకు ప్రత్యేకంగా కమిటీలు కూడా పెట్టారు. ఇప్పుడు చాలా చోట్ల మీటింగంటే కంతు కట్టావా, సంతకం పెట్టావా, పద. దక్షిణాఫ్రికా లింపోపోలో అప్పుతో పాటు హింస గురించి కూర్చోబెట్టి మాట్లాడించిన సంఘాల్లో రెండేళ్ళకి భర్తల హింస 55 శాతం తగ్గింది. ఒట్టి అప్పులిచ్చిన చోట డబ్బు పరిస్థితి మెరుగుపడింది గానీ హింస తగ్గలేదు.

సంఘాలు తప్పు చేసే చోటు ఒకటుంది, అది ఆ మెసేజీలో లేదు. "సర్దుకుపో అమ్మా" అని రాజీ కాగితం మీద సంతకం పెట్టించి పంపేయడం. సంఘం వినకపోతే ఆడవాళ్ళ హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యొచ్చు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్ళకి లాయర్ని ఉచితంగా ఇస్తారు.